ఇద్దరి పేరున వచ్చిన గది

ఇల్లు లేనివాళ్ళకి గదులిచ్చే మున్సిపల్ ఆఫీసులో, కంప్యూటర్‌లో ఆ రెండు పేర్లూ పైకొచ్చేసరికి గుమస్తా అమ్మాయి ముఖం చాటంత అయింది. ఆ ముసలి దంపతులు పద్నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నారు. ఇవాళ ముసలాయన ఒక్కడే కౌంటర్ దగ్గరికొచ్చాడు.

“తాతా, గది వచ్చింది! అవ్వ ఏది? ఇద్దరూ వేలిముద్ర వెయ్యాలి.”

“మొన్న పోయిందమ్మా. జాబితాలోంచి దాని పేరు కొట్టించేద్దామనే వచ్చాను.”

ఆమె గొంతు తగ్గించింది.

“కొట్టేస్తే ఈ గది మీకు రాదు తాతా. ఇది జంటలకే. కంప్యూటర్ మిమ్మల్ని ఒంటరి మగవాళ్ళ వరసలో చివరికి తోసేస్తుంది. మీ ముందు మూడొందల మంది.”

“గదికి కిటికీ ఉందామ్మా?”

“ఉంది. తూర్పు వైపు.”

“మా ముసలిదానికి పొద్దుటెండంటే ప్రాణం.”

“వారం రోజులు నేనేమీ విననట్టే ఉంటాను తాతా. అవ్వ వేలిముద్ర తర్వాత వేస్తుందని రాస్తాను, మీరు గదిలో చేరండి.”

“మా వెనక ఎవరున్నారు?”

“ఇంకో జంట. ఆ అమ్మాయికి ఎనిమిదో నెల.”

“అయితే ఇంకా చూస్తావేంటి తల్లీ? కొట్టెయ్యి. ఆ పిల్ల ఇవాళైనా నాలుగు గోడల మధ్య పడుకుంటుంది.”

ఆమె కళ్ళు తుడుచుకుని మీట నొక్కింది.

“అయిపోయిందా?”

“అయిపోయింది తాతా.”

అంతవరకూ నిబ్బరంగా ఉన్న ముసలాయన, కౌంటర్ బల్ల పట్టుకుని అప్పుడు ఏడ్చాడు.