అట్టడుగు మీట: శాంతాబాయి గారి ముప్పై ఆరేళ్లు

1989వ సంవత్సరం జూన్ 12, సోమవారం నాడు, తొలి వానకు ఫోరస్ రోడ్డు మోకాలిలోతు మునిగి ఉండగా, చెప్పులు చేతపట్టుకొని శ్రీమతి శాంతాబాయి గారు కామాటిపుర పదకొండవ గల్లీలోని మన శ్రామిక సేవా సంఘపు ముద్రణాలయంలో అడుగుపెట్టారు. తెలుగు నేల నుండి వలస వచ్చిన వారి తాతగారు ఈ మరాఠీ నగరపు కట్టడాలకు రాళ్లు మోశారు. మనుమరాలు ఈ సంఘానికి సీసపు అక్షరాలు పేర్చారు.

చేరిన తొలి మాసంలోనే వారొక నియమాన్ని ఏర్పరచుకున్నారు. కరపత్రం అచ్చుకు పోయే ముందు, సంఘం గుమ్మం దగ్గర వరుసలో నిలిచినవారిలో ఒకరిని పిలిచి, మొదటి ముక్క నుండి చివరి ముక్క దాకా పైకి చదివించేవారు. చదివేవారు ఎక్కడ ఆగితే అక్కడ దిద్దేవారు. "రాసినోళ్లకు అన్నీ తెలుస్తయి. అడగాల్సింది చదివేటోళ్లను" అని వారి మాట.

2004లో ముద్రణాలయం మూతపడగా వారు కంప్యూటరు ముందు కూర్చున్నారు. 2016లో సంఘపు అనువాదకురాలయ్యారు. మరాఠీ బడిలో చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి, తెలుగు లిపి ఎరుగని మా తరానికి ప్రతి ఆదివారం ఓనమాలు దిద్దించారు. ఇరవయ్యో ఏట వారి ముందు పలక పట్టిన వారిలో ఈ వ్యాసకర్త ఒకడు.

ఇక చెప్పక తప్పనిది, చెప్పడానికి నోరు రానిది, నిరుటి సంగతి.

కంటి శిబిరానికి పేర్ల నమోదు మొత్తం సంఘం వెబ్‌సైటుకు మారింది. మరాఠీ, హిందీ, తెలుగు భాషల్లో పుటలు సిద్ధమయ్యాయి. శాంతాబాయి గారు తెలుగు చేశారు. వెబ్‌సైటు బాహ్యరూపాన్ని, అంటే రంగులు, గడులు, మీటలను, నేను తీర్చాను. అలవాటు ప్రకారం వారు వరుసలోంచి ఎవరినైనా పిలిపించమన్నారు. "అవసరం లేదు మేడమ్, అనువాదం నూటికి నూరు పూర్తయిందని కంప్యూటరే చూపిస్తోంది" అన్నాను. వారు నా మాట నమ్మారు.

పదకొండు నెలలు గడిచాయి. తెలుగు పుట నుండి ఒక్క పేరు కూడా నమోదు కాలేదు. మరాఠీ నుండి వందలు, హిందీ నుండి వందలు, తెలుగు నుండి సున్నా.

కార్యదర్శి తుకారాం గారు సమావేశంలో చేతులెత్తేశారు. "మన పాలమూరోళ్లు ఫోన్ల సిన్మాలు చూస్తరు గాని ఫారం నింపుతరా, శాంతాబాయ్? వచ్చే సోమవారం తెలుగు పుట బంద్ చేద్దాం."

"ఆగు భావూ. బంద్ చేసే ముందు ఒకసారి చదివిద్దాం" అన్నారు వారు, మరాఠీ పద్ధతిలో ఆయనను అన్నా అని పిలుస్తూ.

ఆ రోజు వరుసలో మహబూబ్‌నగర్ జిల్లా నుండి కూలికి వచ్చిన మల్లమ్మ గారు, భర్త లచ్చయ్య గారి చేయి పట్టుకొని నిలబడి ఉన్నారు. ఆయనకు చూపు తగ్గుతోంది. అంతకు ముందు మూడుసార్లు ఫారం నింపారు. మూడుసార్లు మేమే, ఈ బల్ల దగ్గర నుండే, "జాబితాలో మీ పేరు లేదు, మళ్లీ నింపండి" అని తిప్పి పంపాము.

మల్లమ్మ గారు తెర మీది తెలుగును వేలుపెట్టి చదివారు. పేరు, వయసు, ఊరు, కంటి బాధ, తేదీ. చదివి ఆగారు.

"తర్వాత?" అన్నారు శాంతాబాయి గారు.

"ఆడికి అయిపోయింది గదమ్మా."

"కింద ఇంకొకటి ఉన్నది కదా, పచ్చగ?"

"అది హిందీ అచ్చరాలల్ల ఉన్నది. ఆఫీసోళ్లది. మేం ముట్టుకోం."

"ముట్టుకోవద్దని ఎవరన్నరు?"

"ఒకరనాల్నా? బ్యాంకుల గాని, దవాఖానల గాని, కాయితం కింది భాగం ఆఫీసోళ్లదే నాయె. ఓసారి అండ్ల రాస్తే కాయితం చింపి మొకాన గొట్టిండ్రు."

ఆ పచ్చని మీట మీద "నమోదు ఖరారు చేయండి" అని మరాఠీలో ఉంది. మరాఠీకి, హిందీకి లిపి ఒకటే గనుక హిందీ పుటవారు దాన్ని చదివి నొక్కగలిగారు. దాన్ని నొక్కితే తప్ప పేరు చేరదు. మేమంతా ఆ పుటను పదులసార్లు పరీక్షించాము. మరాఠీ మాకు ఊపిరి వంటిది గనుక, తెలుగు చదువుతూ చదువుతూ మరాఠీలోకి దాటిన సంగతి మా కళ్లకు తెలియనే లేదు. ఆ మాటను నేను నేరుగా బాహ్యరూపంలోనే రాసేశాను. అనువదించవలసిన మాటల పట్టీలో దాన్ని చేర్చలేదు. పట్టీలో లేనిదాన్ని కంప్యూటరు లెక్కించదు. పట్టీలో లేనిది శాంతాబాయి గారికి చేరదు.

ఒప్పుకున్నాను. శాంతాబాయి గారు నా వైపు తిరిగారు.

"శ్రీకాంత్, నువ్వు అక్షరాలు పేర్చలే. బ్లాకు కొట్టించినవ్. పేర్చిన అక్షరం మార్చుకోవచ్చు. బ్లాకుల చెక్కినది మారదు." "ఇంకా ఎన్ని చెక్కినవ్?" అని అడిగారు.

ముప్పై ఏడు. శీర్షపట్టీ, వెతికే గడి, తప్పు జరిగితే వచ్చే హెచ్చరిక, ఆఖరి కృతజ్ఞత. మూడు రోజులు వారు పక్కన కూర్చొని ఒక్కొక్కటి చూపించారు. నేను ఒక్కొక్కదాన్ని బాహ్యరూపం నుండి విడదీసి పట్టీలోకి ఎక్కించాను. వారు తెలుగు చేశారు. ఆఖరి కృతజ్ఞత స్థానంలో "మీ పేరు చేరింది. పిలుస్తాము" అని రాశారు. సోమవారం నాటికి తెలుగు పుట నుండి పంతొమ్మిది పేర్లు వచ్చాయి. బంద్ మాట మళ్లీ రాలేదు.

మొదటి పేరు లచ్చయ్య గారిది. నీటికాసుల వ్యాధి (గ్లాకోమా) అని వైద్యులు చెప్పారు. ఎడమ కన్ను నిలిచింది. ఆయన ఆరు నెలల ముందు వచ్చి ఉంటే కుడి కన్ను కూడా నిలిచేదట. ఆ మాట విన్న నాటి దిగ్భ్రాంతి నన్ను ఇంకా వదలలేదు; వదలరాదని కూడా అనుకుంటున్నాను. అభినందన సంచికలో ఇటువంటిది తగునా అని సంకోచిస్తే శాంతాబాయి గారే అన్నారు: "నన్ను పొగిడేది తక్కువ చెయ్, అది మాత్రం రాయి. నేను పోయినంక గూడ చదివించుకోవాలె మీరు."

2025 జూన్ 30న వారు పదవీ విరమణ చేస్తున్నారు. వారి నియమం ప్రకారం ఈ వ్యాసాన్ని అచ్చుకు ఇచ్చే ముందు గుమ్మం దగ్గర మల్లమ్మ గారి చేత పైకి చదివించాను. సంస్కృత పదాల దగ్గర రెండుసార్లు ఆగారు; వాటిని తీసివేశాను. నిండు నూరేళ్లు ఆయురారోగ్యాలతో వర్ధిల్లాలని ముగించిన చోట మూడోసారి ఆగారు.

"ఇది అందరికీ రాస్తరు. ఆమె కండ్లు సల్లగుండాలె అని రాయి, బిడ్డా."

రాశాను.