అమ్మతో ముగిసే మాటలు

అక్క ఇంటి వెనక వరండా. అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది. తమ్ముడు ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాడు. అతని ఆరేళ్ల కూతురు పక్కగదిలో బట్టల క్లిప్పులతో ఆడుకుంటోంది.

“పెన్సిలు ఇప్పుడే చేతికివ్వకు. ముందు నోరు, తర్వాత చెయ్యి. నా పిల్లలిద్దరికీ ఇంట్లో చదువు చెప్పినప్పుడు నాకు తెలిసొచ్చింది అదొక్కటే.”

“రోజుకెన్ని అక్షరాలు చెప్పమంటావక్కా?”

“అక్షరాల లెక్క తర్వాత. ముందు దాన్ని మాట్లాడనియ్యి. కిటికీలో కాకి వాలిందనుకో, కాకి గురించి చెప్పమను. అది చెప్పింది చెప్పినట్టు నువ్వు పెద్ద పెద్ద అక్షరాలతో రాయి. తన మాట కాగితం మీద కనపడితే చదవాలన్న బుద్ధి దానంతటదే పుడుతుంది.”

“చెప్పింది చెప్పినట్టేనా?”

“దిద్దకు. ‘నాన్న టీ ఒలకబోశాడు, అమ్మ తుడిచింది’ అందనుకో, అదే రాయి. ఆ పూటకి అదే పాఠం.”

“అలా కాదులే. ఏదన్నా మంచి పుస్తకం చెప్పు. అందులో మాటలు చాలు.”

“పుస్తకం ఎక్కడికి పోతుందిరా? రాత్రి పడుకునేముందు నువ్వు చదివి వినిపిద్దువుగాని. కానీ మొదటి వాచకం మాత్రం ఇంట్లో మాటలే. పిల్ల ఇంట్లో ఏం వింటుందో...”

“ఇంట్లో మాటలొద్దంటున్నానా!”

“అబ్బ! ఎందుకంత కేక? చెయ్యి కాలేది.”

“ఊరికే అన్నా. ఇంట్లో ఏముంటాయి? గ్యాసైపోయింది, కరెంటు బిల్లొచ్చింది. ఇవేగా.”

“సరే. ఇంతకీ స్కూలెందుకు మానిపిస్తున్నావో చెప్పావు కాదు.”

“చెప్పాగా. క్లాసులో పిల్లలెక్కువ.”

“ఇందాక దూరమన్నావు.”

“దూరం కూడా.”

“మీ వీధి చివర స్కూలు దూరమా? మీ మేడ మీంచి పిలిస్తే వినపడుతుంది.”

“టీచర్లు సరిగ్గా లేరక్కా. అన్నీ కలిపి.”

“పోయిన నెలేగా ఆ టీచరమ్మని తెగ పొగిడావు? పిల్ల జ్వరమొచ్చినా స్కూలుకెళ్తానని ఏడుస్తోందన్నావు. సరే, నీ ఇష్టం. మరదలేమంటోంది?”

“దానికింకా చెప్పలేదు. రేపు స్కూల్లో చెప్పేశాక చెప్తా. అయినా దానికేం తెలుసు, అదొక ద...”

“ఆగావేం?”

“ఏం లేదు. దగ్గొచ్చింది.”

“అదీ నిజమేలే. పాపం నోట్లో నాలుక లేని మనిషి. ఆ చొక్కా ఇటివ్వు. ఇదుగో, రెండో నెల నుంచి మాటలాట మొదలుపెట్టు. ఒక మాట తీసుకుని దాని చుట్టాలందర్నీ పిలవడమన్నమాట. మా వాళ్లతో ఎక్కువగా ఆడింది అమ్మాట.”

“అమ్మాటా?”

“చివర అమ్మ వచ్చే మాటలు చెప్పమనాలి. అమ్మమ్మ, నానమ్మ, పెద్దమ్మ, చిన్నమ్మ. మా చిన్నది బొమ్మ కూడా అనేది, ఒప్పేసుకునేదాన్ని. ఒత్తులు వాటంతటవే...”

“అది వద్దక్కా.”

“ఏం? తేలికేగా.”

“ఇంకేదన్నా ఆడిస్తా. పక్షులు, జంతువులు, ఏవైనా సరే. అది మాత్రం వద్దు.”

“ఒరేయ్, ఇటు చూడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఏమిటిది? ఏమైంది?”

“ఏం కాలేదు.”

“ఏం కాకపోతే ఎండలో పిల్లని వెంటేసుకుని ఇంతదూరం ఎందుకొచ్చావు? నీళ్లు నమలకు, చెప్పు.”

“మొన్న స్కూల్లో తల్లిదండ్రుల్ని పిలిచారు. పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో చూసుకోండని. ఆ చిట్టి చిట్టి కుర్చీల్లో కూర్చోబెట్టారు మమ్మల్ని.”

“ఊఁ.”

“ఆ టీచరమ్మ ఇదే ఆట ఆడించింది. అమ్మతో ముగిసే మాటలు. ఒక్కొక్కళ్లు చెప్తుంటే బోర్డు మీద రాస్తోంది. నువ్వు చెప్పినవన్నీ అయిపోయాయి. ఇంకేమైనా ఉన్నాయా అనడిగింది. మన పిల్లొక్కతే చెయ్యెత్తింది.”

“మంచిదేగా?”

“దద్దమ్మ అంది.”

“అయ్యో.”

“టీచరమ్మ తెల్లబోయింది. రాయాలా వద్దా అని చూస్తుంటే, పిల్లే ఒత్తులు కూడా చెప్పింది. దకి ద ఒత్తు, మకి మ ఒత్తు అని.”

“నవ్వొస్తోందిరా, ఏమనుకోకు. పిల్లలు ఎక్కడో వింటారు, అంటారు. దానికే స్కూలు మానిపిస్తారా?”

“అయిపోలేదక్కా. దద్దమ్మంటే ఎవరమ్మా అనడిగింది టీచరు. అదుగో, ఆ నీలం చీరలో కూర్చుందిగా, మా దద్దమ్మ, నాన్న అలాగే పిలుస్తాడు అంది.”

“అయ్యయ్యో.”

“క్లాసంతా నవ్వు. నేను వంగి బూటు లేసు కట్టుకున్నా. కట్టుకునే ఉన్నా.”

“మరి మరదలు?”

“నవ్వింది. అందరికంటే ముందు తనే నవ్వింది. మా ఇంట్లో ముద్దుపేరండీ అంది.”

“ఇంటికొచ్చాక?”

“ఏమీ అనలేదు. భోజనం వడ్డించింది. నాలుగు తిట్టినా బాగుండేదక్కా, ఆ ముద్ద దిగేది.”

“నిజంగా అలాగే పిలుస్తావా?”

“ఊతపదమక్కా. దద్దమ్మా, తాళాలెక్కడ? దద్దమ్మా, టవలేది? నోటికలా వచ్చేస్తుంది. కోపంతో కాదు.”

“నీ ఉద్యోగమేమిట్రా?”

“ఇప్పుడదెందుకు?”

“చెప్పు.”

“కస్టమర్లతో మర్యాదగా మాట్లాడటం నేర్పిస్తా.”

“వాళ్లకి నేర్పిస్తావు.”

“నా ఉద్యోగం సంగతి ఆ టీచరమ్మకీ తెలుసక్కా. అడ్మిషన్ ఫారంలో రాశాంగా. నా మొహం చూసి గబగబా బోర్డు తుడిచేసింది. తల కొట్టేసినట్టైంది. రోజూ పొద్దున పిల్లని దింపేది నేనేగా. ఆ గేటు దగ్గర అందరూ నన్నే చూస్తారు. నాకు సిగ్గేస్తోందక్కా. ఆ గేటు దాకా నడవలేను.”

“అందుకని స్కూలు మానిపిస్తావు.”

“ఇంట్లో మాత్రం చదువుకోకూడదా?”

“చక్కగా చదువుకోవచ్చు. నా పిల్లలు చదివారు. వాళ్లకది మేలని కూర్చోబెట్టాను. నువ్వు నీ మొహం దాచుకోడానికి కూర్చోబెడుతున్నావు. చదువు రాలేదని మానిపించేవాళ్లని చూశాను. బాగా వచ్చిందని మానిపించేవాణ్ణి నిన్నే చూస్తున్నా.”

“నువ్వూ అలాగే అంటే ఎలా?”

“మరెలా అనాలి? ఆలిని అంత మాటనే నోరు పెట్టుకుని పిల్లకి భాష నేర్పుతాడట! ముందు నువ్వు నేర్చుకో. పది మందిలో మరదలు ఎంత నలిగిపోయి ఉంటుందో! పిచ్చుకా! ఇటు రా తల్లీ.”

“వద్దక్కా, దాన్నెందుకు పిలవడం?”

“నువ్వుండు. తప్పు మాటని తప్పని చెప్పాలా వద్దా? రా తల్లీ, రా.”

“అత్తా, క్లిప్పులన్నీ రైలు చేశా. తొక్కకండి.”

“తొక్కంలే. స్కూల్లో ఏదో మాట చెప్పావటగా?”

“దద్దమ్మేనా? నేనే చెప్పా! ఇంకెవ్వరికీ రాలేదు. టీచర్ కూడా మర్చిపోయింది.”

“అది మంచి మాట కాదు తల్లీ. నాన్న నోరుజారి అన్నాడు. ఇంకెప్పుడూ అనడు. పెద్దవాళ్లని అలా అనకూడదు.”

“మరి నువ్వంటావుగా?”

“నేనా? నేనెప్పుడన్నానే?”

“ఫోన్లో. ఏం చేస్తోందిరా మీ దద్దమ్మ అంటావు. నాన్న నవ్వుతాడు.”

“అది... మీ నాన్నతో సరదాకి... నీకెలా వినపడింది?”

“స్పీకర్లో పెడతాడుగా. నేనూ అమ్మా బఠానీలు వలుస్తుంటాం.”

“అమ్మ కూడా వింటుందా?”

“పక్కనే ఉంటుందిగా. నువ్వు పెట్టేశాక, అత్త కులాసాగా ఉందా అని అడుగుతుంది నాన్నని.”

“అక్కా, ఆ చొక్కా మాడుతోంది.”

“మాడనీరా.”

“అత్తా, నీక్కోపమొచ్చిందా?”

“నీ మీద కాదమ్మా. నా మీదే. సిగ్గుగా ఉంది.”

“ఎందుకు? తప్పు చెప్పానా? ద ఒత్తు కాదా?”

“ఒత్తులన్నీ సరిగ్గానే చెప్పావు తల్లీ. ఇంతకీ... దద్దమ్మంటే ఎవరనుకున్నావు నువ్వు?”

“తెలీదా నీకు? అమ్మకి అమ్మ అమ్మమ్మ. అమ్మకి అక్క పెద్దమ్మ. పెళ్లి చేసుకుని వేరేవాళ్లింటికొస్తే దద్దమ్మ. వాళ్లు ఎవరేమన్నా నవ్వుతారు. కదా నాన్నా?”

“పిచ్చుకా... కాదమ్మా. అది కాదు.”

“అమ్మనడిగా కదా. నేను కూడా పెద్దయ్యాక దద్దమ్మనవుతానా అని.”

“ఎప్పుడడిగావు?”

“మొన్న స్కూలు నుంచి వచ్చాక. నువ్వు స్నానం చేస్తున్నావు.”

“అమ్మేమంది?”

“నువ్వు అవ్వకూడదనే రోజూ నిన్ను స్కూలుకి పంపిస్తున్నానంది.”