అరవైకి ముప్పై ఒకటి

(అద్దె ఇంటి వంటగది, మధ్యాహ్నం. బల్ల మీద దిద్దాల్సిన బడి పిల్లల నోటు పుస్తకాల కట్ట. బిజినెస్ స్కూలు ప్రవేశ పరీక్ష రాసి చెల్లెలు ఇప్పుడే ఇంటికొచ్చింది. అక్క టీ పెట్టి ఇచ్చింది.)

“...గేటు దగ్గర ఒకమ్మాయి జేబులన్నీ బోర్లించమందక్కా. బోర్లిస్తే ఏముంది, రెండు పిన్నీసులు, ఒక చీటీ. ‘మూడో అంతస్తు, పన్నెండు దుప్పట్లు’ అని రాసుంది. ఆ అమ్మాయి దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కాపీ చీటీ అనుకుందేమో.”

“నువ్వేమన్నావు?”

“ఆసుపత్రి లాండ్రీలో సూపర్‌వైజర్నని చెప్పాను.”

“ఇంగ్లీషులోనా?”

“ఇంగ్లీషులోనే. ‘ఐ యామ్ వర్కింగ్’ అనబోయి నాలిక్కరుచుకుని ‘ఐ వర్క్’ అన్నాను. నువ్వు గుర్తొచ్చావు.”

“టీ తాగు. చల్లారిపోతోంది.”

“నువ్వు కూర్చో ముందు. వచ్చినప్పట్నుంచీ చూస్తున్నా, నిలబడే ఉన్నావు.”

“కూర్చుంటాలే. లెక్కలెలా ఉన్నాయి?”

“నల్లేరు మీద నడకే. పధ్నాలుగు మంది షిఫ్టులు, ఎవరి సెలవెప్పుడు, రోజుకి రెండు వేల దుప్పట్లు ఉతకాలంటే ఎన్ని మిషన్లు ఎన్ని గంటలు తిరగాలి... రోజూ చేసే లెక్కలే కదా. ఒకటి మాత్రం నీళ్ళ తొట్టి లెక్క. ఒకడు నింపుతుంటాడు, ఇంకొకడు అడుగున తూము తీసేస్తుంటాడు. అలాంటివాణ్ణి మా దగ్గరైతే మర్నాడే ఇంటికి పంపించేస్తాం.”

“ఊఁ.”

“నవ్వవేం?”

“నవ్వాను కదే.”

“ఎక్కడ నవ్వావు? ఇది నీకు నచ్చుతుందని దారంతా దాచుకుని తెచ్చాను.”

“నవ్వాను. నువ్వు చూడలేదు. అయితే... ఇంగ్లీషు?”

“ఇంగ్లీషు. ఒక పేజీ నిండా చీమల గురించి. చీమలు దారెట్లా కనుక్కుంటాయని. మన వంటింటికొచ్చి చూస్తే వాళ్ళకే తెలిసేది. తర్వాత ఆ ‘సాంక్షన్’ అనే మాట వచ్చింది. అనుమతీ అదే, శిక్షా అదేనట. ఇదేం భాషక్కా? మాకు సెలవు సాంక్షనయితే ఎగిరి గంతేస్తాం.”

“ఏది పెట్టావు?”

“శిక్ష. సందర్భం చూడమన్నావు కదా నువ్వు. చూశాను.”

“కరెక్టే అయ్యుంటుంది.”

“అయ్యుంటుందా?”

“అంటే... నేను ప్రశ్న చూడలేదు కదే.”

“కానీ ప్రతి ప్రశ్న దగ్గరా చెవిలో ఒకటే మాట. ముప్పై ఒకటి. అరవైకి ముప్పై ఒకటి. ఇంట్లో మూడు నమూనా పరీక్షలు రాస్తే నువ్వు దిద్ది చెప్పిన మార్కులేంటి? ముప్పై, ముప్పై ఒకటి, ముప్పై ఒకటి.”

“ఇంటి దగ్గర రాసినవి ఎవరైనా పట్టించుకుంటారా?”

“నువ్వే పట్టించుకోమన్నావు. ‘నలభై దాటకపోతే ఏ కాలేజీ తలుపూ తియ్యదు, ఈ ఏడాదికి ఆపుకోవే’ అన్నావు.”

“అన్నాననుకో...”

“అనుకోవడం కాదు, అన్నావు. పది రోజుల కింద. ఇదే బల్ల దగ్గర.”

“ఇంకో బిస్కెట్టు వేసుకో. పొద్దున్న కూడా ఏం తినకుండా పరిగెత్తావు.”

“జవాబుల పేజీలున్నాయా నీ దగ్గర?”

“ఏ పేజీలు?”

“నమూనా పరీక్షల పుస్తకం చివర చింపి దాచావు కదా, నేను ముందే చూసేస్తానని.”

“ఎక్కడో పెట్టాను. ఇప్పుడెందుకే? పరీక్ష అయిపోయింది కదా.”

“ఊరికే. ఒకసారి సరిచూసుకుందామని.”

“పారేశాననుకుంటా.”

“ఎక్కడో పెట్టానన్నావు ఇప్పుడే.”

“పెట్టాను. తర్వాత పారేశాను. పోలీసులా నిలదీస్తావేంటే?”

“అయ్యో, నిలదీయడమేంటక్కా? అడిగాను. అంతే.”

“ఆ పుస్తకాలిటు జరుపు. సాయంత్రానికి ఇవన్నీ దిద్దాలి.”

“దిద్దుకో. దిద్దుతూనే విను. ఆఖర్న కంప్యూటరు ఒక ప్రశ్న అడిగింది.”

“చీమల మీదేనా?”

“కాదు. ‘ఈ మార్కులు ఉంచమంటావా, రద్దు చెయ్యమంటావా?’ అని. ఉంచితే నేను రాసిచ్చిన కాలేజీలకి వెళ్తాయి. రద్దు చేస్తే ఎవరికీ తెలీదు, రాయనట్టే లెక్క. ఆలోచించుకోడానికి రెండు నిమిషాలు. పైన గడియారం వెనక్కి తిరుగుతూ ఉంటుంది.”

“అలా కూడా అడుగుతారా?”

“అడుగుతారు. నువ్వైతే ఏం నొక్కేదానివి?”

“నా సంగతెందుకు? నేనెప్పుడు రాశానని? నువ్వేం నొక్కావు?”

“నువ్వే చెప్పు. ఇంటి దగ్గర అరవైకి ముప్పై ఒకటి వచ్చే మనిషి ఏం నొక్కాలి?”

“పిట్టా, నువ్వేం నొక్కావో చెప్పు.”

“రద్దు.”

“రద్దా?”

“రద్దు చేసి వచ్చేశానక్కా. పెన్ను కింద పెట్టావేం? దిద్దుకో.”

“ఎందుకే? అంత తొందరేమొచ్చింది? రెండు నిమిషాలున్నాయన్నావు కదా!”

“ఆ ముప్పై ఒకటి పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కను?”

“మళ్ళీ రాయొచ్చు కదా. రాయొచ్చు. వచ్చే నెలలోనో ఆ పై నెలలోనో...”

“కాలేజీలకి ఆఖరి తేదీ వచ్చే వారమే. అది దాటితే మళ్ళీ ఏడాదికి. ఈ ఏడాదైతే ఆసుపత్రి వాళ్ళు రెండేళ్ళు సెలవిస్తామన్నారు, తిరిగొస్తే మేనేజరు కుర్చీ అన్నారు. వచ్చే ఏడాది ఆ మాట మీద ఎవరుంటారు? పోనీలే. సోమవారం నుంచి మళ్ళీ ఆ మేనేజరు పెద్దమనిషి కిందే. డ్రయ్యరేదో వాషరేదో తెలీదు ఆయనకి. షిఫ్టుల కాగితం నేను వేస్తే కింద సంతకం ఆయన పెడతాడు.”

“ఫోను చేసి అడగకూడదూ? పొరపాటున నొక్కానని...”

“పొరపాటేం కాదు. బాగా ఆలోచించే నొక్కాను. ఒక రకంగా నువ్వు మేలే చేశావక్కా. నువ్వు ముందే చెప్పకపోయుంటే ఆ మార్కులు పంపించి నలుగురిలో నవ్వులపాలయ్యేదాన్ని.”

“అలా అనకు.”

“ఆర్నెల్లు! బడిలో గొంతు చించుకుని వచ్చి, మళ్ళీ నా పక్కన కూర్చున్నావు. ఏ అక్క చేస్తుంది?”

“అలా అనకే పిట్టా.”

“ఉన్నమాటే కదా. సొంత అక్క కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పావు. బయటి టీచరైతే...”

“నలభై మూడు.”

“ఏంటి?”

“నీకొచ్చింది నలభై మూడు. మూడో పేపర్లో. రెండో దాంట్లో నలభై. ముప్పై ఒకటి కాదు.”

“మొదటిది?”

“మొదటిది నిజంగా ముప్పయ్యే. అది నిజం.”

“అదొక్కటి నిజం.”

“పిట్టా...”

“ఎందుకు?”

“తెలీదు.”

“తెలీకుండా ఎవరైనా పన్నెండు మార్కులు కోస్తారా అక్కా? పిల్లలకైతే అర మార్కు తగ్గినా మళ్ళీ కూడి చూస్తావు.”

“ఆ వ్యాసం... కాలేజీకి పంపడానికని రాశావు చూడు. దుప్పట్లు అయిపోయిన రోజు గురించి.”

“చిన్నపిల్లల ఇంగ్లీషులా ఉందన్నావు.”

“ముందు నువ్వు ఇవ్వగానే ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. ఒకసారి చదివాను. రెండోసారి చదివాను. ఆపరేషను గది బయట నువ్వు చేతిలో నాలుగే నాలుగు దుప్పట్లతో నిలబడ్డావు, అవి ఎవరికివ్వాలో నువ్వే తేల్చాలి... చదువుతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడిచింది. మూడోసారి తప్పుల కోసమే చదివాను. ఏమీ దొరకలేదు. ఒక్క కామా కూడా. పదిహేనేళ్ళుగా దిద్దుతున్నాను, ఏమీ దొరక్కపోతే ఏం చెయ్యాలో నాకు తెలీదు.”

“ఏం చేశావు?”

“మంచి వాక్యం కొట్టేశాను. దాని పైన తప్పు వాక్యం రాశాను.”

“నేను దాన్ని బట్టీ పట్టాను.”

“తెలుసు. స్నానం చేస్తూ వల్లెవేసేదానివి. ఇక్కడికి వినబడేది.”

“విని ఊరుకున్నావు.”

“ఊరుకున్నాను. రేపు చెప్తాను, రేపు చెప్తాను అనుకున్నాను. తర్వాత మార్కులు. ఒకసారి అబద్ధం ఆడాక రెండోది తేలికైపోతుందే. నోరు దానంతటదే అనేస్తుంది.”

“నాన్న నిన్ను ఇంగ్లీషు బడికి పంపి నన్ను వీధి చివర బడిలో వేశారు. ఎప్పుడైనా అడిగానా అక్కా? నీ యూనిఫాం ఇస్త్రీ చేసిపెట్టేదాన్ని కూడా.”

“అడిగుంటే బాగుండేది. ఒక్కసారి అడిగి, ఏడ్చి, నా పుస్తకం చింపేసి ఉంటే బాగుండేది. నీ వాటా చదువు కూడా నేనే చదివేశానని తెలుసు నాకు. చదివి ఏం ఉద్ధరించాను? పెళ్ళి చెడగొట్టుకుని సూట్‌కేసు పట్టుకుని నీ గుమ్మంలో నిలబడ్డాను. నువ్వు ఒక్క ముక్క అడక్కుండా మంచం నాకిచ్చి కింద పడుకున్నావు. నాలుగేళ్ళవుతోంది, ఇప్పటికీ కిందే పడుకుంటున్నావు. ఇల్లు నీది, మంచం నీది, మాటొస్తే నా తరఫున నిలబడేది నువ్వు. నీకంటే నాకు ఎక్కువగా ఉన్నది ఆ ఇంగ్లీషు ముక్కొక్కటే.”

“అది కూడా నేను లాక్కుంటానని.”

“లాక్కుని వెళ్ళిపోతావని.”

“వెళ్ళిపోతాననా భయం, నిన్ను దాటిపోతాననా?”

“ఒంటరిదాన్నయిపోతానని భయపడ్డానంటే నువ్వు జాలిపడతావు. అందుకే అది చెప్పబుద్ధి కావట్లేదు. దాటిపోతావనే. ముందు అదే. తిట్టవేం? తిట్టు. ఆ గ్లాసు విసిరికొట్టు.”

“విసిరితే ఊడ్చేది నేనే కదా.”

“ఆ పరీక్ష ఆఫీసు నంబరివ్వు. ఇప్పుడే ఫోను చేస్తాను. కాళ్ళు పట్టుకుంటాను. మా చెల్లెలు నా వల్ల రద్దు చేసింది, తప్పు నాది అని రాసి సంతకం పెట్టి ఇస్తాను.”

“ఏమని రాస్తావు?”

“చెల్లెలి మార్కులు దొంగిలించానని.”

“ఇంగ్లీషులో రాయాలి. రాశాక నాకివ్వు, దిద్దిపెడతాను.”

“నన్నేమైనా అను. ఏమన్నా పడతాను. కానీ నంబరివ్వు. నీ చెయ్యి ఆ రద్దు మీదికి తోసింది నేనే. ఏడాది, రెండేళ్ళు కాదే, నీ బతుకే...”

“ఫోను పక్కన పెట్టు.”

“పెట్టను.”

“పెట్టక్కా. నేను ఉంచమనే నొక్కాను.”

“ఏంటి?”

“రద్దు చెయ్యలేదు. మార్కులు కాలేజీలకి వెళ్ళిపోయాయి. వ్యాసం కూడా ముందు రాసిందే పంపాను, నువ్వు దిద్దింది కాదు. ఎందుకో నాకు నాదే నచ్చింది.”

“మరి ఇందాక రద్దు చేశానన్నావు!”

“అబద్ధమాడాను.”

“అబద్ధమా! దేవుడా... పోన్లే, పోన్లే. బతికించావు. అయినా నాకర్థం కావట్లేదే. ముప్పై ఒకటే వస్తుందని నమ్మి వెళ్ళినదానివి, ఉంచమని ఎలా నొక్కావు? అంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది నీకు?”

“ధైర్యం కాదక్కా. ఉంచాలా వద్దా అన్నది మార్కులు చూపించాకే అడుగుతారు. అరవైకి నలభై నాలుగు అని కళ్ళారా చూసే ఇంటికొచ్చాను.”