అఖిల్ పేరున్న షెల్టర్

2015, ఏప్రిల్. ఇల్లినాయ్‌లో ఒక చిన్న ఊరు. టోర్నడో సుడిగాలులొస్తే తలదాచుకోవడానికి కట్టిన కొత్త షెల్టర్ ప్రారంభోత్సవం. పక్కన ఆగిన కార్లో అఖిల్ అక్క పద్మజ, అఖిల్‌తో ఎమ్మెస్ చదివిన రాగిణి.

“దిగవే రాగిణీ, అందరూ వచ్చేశారు.”

“రెండు నిమిషాలక్కా. స్పీచ్ పేపర్ ఇంకోసారి చూసుకుంటా.”

“నేపర్‌విల్ నుంచి దారంతా అదే పని. ఐదు లైన్లకి ఎన్నిసార్లే?”

“ఊరే గుర్తు పట్టలేకపోయా. స్కూల్ కొత్తది, చర్చి కొత్తది, మేమున్న అపార్ట్‌మెంట్ చోట ఇదిగో, ఈ పార్కు. నాలుగేళ్లకే…”

“చెట్లు మాత్రం ఇంకా నడుం ఎత్తుకి రాలేదు. మాట మార్చకు. చదువు, నేనూ వింటా.”

“‘ఆ మధ్యాహ్నం చుట్టుపక్కల పదకొండు టోర్నడోలు. సైరన్ మోగగానే మేమంతా బేస్‌మెంట్‌లోకి పరిగెత్తాం. మూడో అంతస్తులో డోరతీ గారు ఒంటరిగా ఉన్నారని అఖిల్‌కి గుర్తొచ్చింది. వాడు…’ అక్కా, నా గొంతు బాలేదు. నువ్వు చదివెయ్యవా?”

“నేనెలా చదువుతా? నేనప్పుడు ఎక్కడో దూరంగా ఎడిసన్‌లో ఉన్నా. వాడితో ఉంది నువ్వు.”

“ఉన్నా…”

“అదిగో డోరతీ గారు, ముందు వరసలో, వీల్ చెయిర్‌లో. బాత్‌టబ్‌లో పడుకుని ఎలా బయటపడిందో పాపం. షెల్టర్‌కి డబ్బు పోగేసిందీ ఆవిడే, వాడి పేరు పెట్టించిందీ ఆవిడే. తన గుమ్మం ముందే దొరికాడు కదా, తన కోసమే వచ్చాడని అందరికీ చెప్తోంది.”

“ఆవిడ ఎదురు ఫ్లాట్ నాదక్కా.”

“…టైమైంది, పద.”

“వాడు ఆవిడ కోసం వెళ్ళలేదు.”

“రాగిణీ, పద అన్నానా!”

“వినక్కా! నా ఫైల్ పైన ఉండిపోయింది. పాస్‌పోర్ట్, వర్క్ కార్డ్ అన్నీ అందులోనే. సోమవారం జాబ్‌లో జాయినవ్వాలి. పేపర్లు పోతే ఇండియా పంపించేస్తారని చిన్నపిల్లలా ఏడ్చా. ‘ఓస్, అంతేనా, ఒక్క నిమిషం’ అన్నాడు. వెళ్ళకురా అని ఒక్క మాట… ఒక్క మాట అనలేదక్కా. తాళం చేతికిచ్చా. మెట్లెక్కుతున్న చప్పుడు విన్నా. అంతే, కరెంట్ పోయింది, చెవులు దిబ్బళ్లు పడ్డాయి.”

“ఊరుకో. ఎవరైనా చూస్తారు.”

“కాన్సులేట్‌కి అప్లై చేస్తే ఆరు వారాల్లో కొత్త పాస్‌పోర్ట్ వచ్చేసింది! ఆరు వారాలు! ఇంక నా వల్ల కాదు, ఇవాళ స్టేజ్ మీద నిజం చెప్పేస్తా.”

“చెప్తే వాడు లేచొస్తాడా? ఆవిడకి ఎనభై ఆరేళ్లు. ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతోంది. నేనూ అదే పట్టుకుని బతుకుదామని చూశా. కుదరలేదు.”

“తిట్టక్కా. కొట్టు. నా మీద నీకు కోపం రావట్లేదా?”

“రోజూ వస్తుంది. ఏం చేసుకోను దాన్ని?”

“రోజూనా? నీకు ఇప్పుడే కదా చెప్పింది…”

“నీ పాత పాస్‌పోర్ట్ వాడి చొక్కా లోపల దొరికిందే. వాడి వాచీతో పాటు నాకే ఇచ్చారు. దిగు, నీ పేరు పిలుస్తున్నారు.”