తల్లి అని రాసిన గడి

అదేం మాట జగదీశ్ గారూ! పొద్దున్నించీ మీ ట్రాఫిక్ స్టేషన్లో మూడు గదులు తిప్పి, నాలుగో గదిలో మీ ముందు కూర్చోబెట్టి, ఇప్పుడు అబ్బాయి రావాలి కదమ్మా అంటారేంటండీ? వచ్చాడు. మీ గేటు బయట కార్లో కూర్చున్నాడు. సిగ్గండీ. తాగి బండి నడిపిన రోజున లేని సిగ్గు, ఆ కేసు కాగితం అడగడానికి వచ్చేసరికి పుట్టుకొచ్చింది.

నవ్వండి, ఫరవాలేదు. నవ్వేవాళ్లుంటేనే నాకు మాట సాగుతుంది. ఆ తలుపు చాటు కానిస్టేబులమ్మాయిని కూడా ఇటు రమ్మనండి. చాటుగా వినడం దేనికి, కుర్చీ ఖాళీగానే ఉందిగా?

నన్నెక్కడో చూశాననుకుంటున్నారు కదూ? చూసే ఉంటారు. సినిమా పెళ్లిలో వెనక వరసనించి అక్షింతలు వేసేదాన్ని నేనే. ఆస్పత్రి వరండాలో కొంగు నోట్లో కుక్కుకునేదాన్నీ నేనే. శేషారత్నం అంటారు. రహమత్ నగర్‌లో ఉంటాను. ఇరవై రెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టుని. ఇన్నేళ్లలో ఒక్క డైలాగు ఇవ్వలేదండీ! అందుకే, ఎదురుగా మనిషి కనబడితే ఆగను.

వస్తున్నా, సంగతికే వస్తున్నా.

నాలుగేళ్ల కిందటి మాట. ఈ సాయిశ్రీనివాస్ అసిస్టెంటు డైరెక్టరు. సినిమా ఫంక్షన్‌లో తాగి, తగుదునమ్మా అని కారు తీశాడు. జూబ్లీ హిల్స్‌లో మీవాళ్లు ఆపి మెషిన్లో ఊదించారు. ఊదాడు, దొరికాడు. కోర్టుకి వెళ్లే ముందు ఇక్కడ కౌన్సెలింగుకి రావాలి, ఇంట్లోవాళ్లని వెంటబెట్టుకు రావాలి అన్నారు. వాళ్లమ్మ మంజులతగారు కాకినాడలో ఉంటారు. చెబితే ఆవిడ గుండె ఆగిపోతుందని వీడి భయం.

మరి ఏం చేశాడు? మా ఫిల్మ్ నగర్ వాడు ఏం చేస్తాడండీ! పురోహితుడు కావాలన్నా, పోలీసు కావాలన్నా, ఆఖరికి పాడె మీద శవం కావాలన్నా, మాకు ఏజెంటుకి ఒక్క ఫోను. అలాగే మా ఏజెంటు ఓంప్రకాష్‌కి ఫోను కొట్టాడు. "అమ్మ ఒకరు కావాలి. నేత చీర. పొద్దున పదింటికి. సగం పూట చాలు."

నేనూ షూటింగే అనుకున్నాను. ఒట్టు! వరండాలోకొచ్చి కెమెరా ఎక్కడ పెట్టారా అని వెతికాను కూడా. మీ కానిస్టేబుల్ని చూసి, "యూనిఫాం భలే కుదిరింది బాబూ" అన్నాను. అప్పుడు చెప్పాడు ఈ సాయిశ్రీనివాస్ వెధవ, మెట్ల దగ్గర, చెవిలో. "షూటింగ్ కాదాంటీ. నిజం."

వెనక్కి తిరుగుదామనే అనుకున్నాను. వాడు చంటిపిల్లాడిలా నా కొంగు పట్టుకున్నాడు.

లోపల ఇన్‌స్పెక్టరుగారు అడిగారు. "ఏమ్మా, నీ కొడుకేనా?" ఆయన వెనక గోడ మీద వెంకన్న పటం. అదిగో, ఇప్పటికీ అక్కడే ఉంది, దండ మాత్రం మార్చినట్టున్నారు. "నా కొడుకేనండీ" అన్నాను. ఇరవై రెండేళ్లలో నాకు దొరికిన ఒకే ఒక్క డైలాగు. అదీ స్వామి ఎదురుగా.

ఇక ఏడ్చాను చూడండీ! అక్కడికొచ్చిన అసలు తల్లులంతా కళ్లు తుడుచుకుని నన్ను ఓదార్చారు. ఒకావిడైతే, "మా ఆయన కోసం కూడా కాస్త ఏడ్చిపెట్టమ్మా, నా ఏడుపుకి మారట్లేదు" అంది. వాడి తల మీద చెయ్యి పెట్టి, ఇంకెప్పుడూ తాగి బండి తియ్యడని ఒట్టు వెయ్యమన్నారు ఇన్‌స్పెక్టరుగారు. వేశాను.

అక్కడొచ్చింది చిక్కు. పేకప్ అయ్యాక మేకప్ కడిగేసుకుంటాం. ఒట్టుని దేంతో కడుగుతామండీ? మాటిచ్చింది నేను కదా! ఆ శనివారం స్వామికి దీపం పెట్టి, వాడికి ఫోన్ చేశాను. "ఏరా, కారు తాళాలెక్కడున్నాయి?"

మొదట్లో విసుక్కునేవాడు. "ఏంటాంటీ, సగం పూటేగా మాట్లాడుకున్నాం!" నేను వదిలితేగా! నాలుగేళ్లు, ఒక్క శనివారం తప్పలేదు. ఇప్పుడు నేను దీపం దగ్గర ఆలస్యం చేస్తే వాడే ఫోన్ చేస్తాడు. "తాళాలు మేకుకే ఉన్నాయమ్మా. ఆటోలో పోతున్నా." ఎప్పుడు మారిందో ఆ పిలుపు, నేనూ చూసుకోలేదు.

ఇప్పుడు పెళ్లి కుదిరింది. మోతీనగర్ పిల్ల, గీతిక. తాగి దొరికిన సంగతి వాడే చెప్పేశాడు, మెచ్చుకోవాలి. పిల్ల తండ్రి పెద్దమనిషి. "కేసు అయిపోయిందని ఆ కాగితం ఒకసారి చూపించు బాబూ, చాలు" అన్నాడట. వాడు పోయినవారం మీ దగ్గరికి వచ్చి, నకలు ఇమ్మని, వీలైతే ఆ రికార్డు చెరిపెయ్యమని అడిగాడు. మీరేమన్నారు? జరిమానా కట్టినా, లైసెన్సు తిరిగొచ్చినా, కోర్టు తీర్పు తీర్పే, చెరపడానికి మేమెవరం అన్నారు. నిజమే.

అప్పుడు ఆ కాగితం కింద గడి చూశాడు. 'వెంట వచ్చినవారు: శేషారత్నం. బంధుత్వం: తల్లి.'

మొహం మాడిపోయి ఉంటుంది పాపం! పెళ్లివారు ఆ కాగితం విప్పేసరికి కాకినాడ మంజులతగారు పక్కనే కూర్చుని ఉంటారు మరి. తాగుడు సంగతి చెప్పగలిగాడు గానీ, అద్దె తల్లి సంగతి ఎలా చెబుతాడు?

ఆ గడి మీ రిజిస్టరుదే కాబట్టి, ఆ మనిషే వచ్చి నేను తల్లిని కానని రాసిస్తే దిద్దుతామన్నారట. అంటే, తాగింది పోదు. నేను పోతాను. బాగుందండీ మీ చట్టం!

నామీద కేసేమైనా పెడతారా? పెట్టుకోండి, కోర్టు సీన్లు బోలెడు చేశాను. ఏంటీ, మందలింపుతో సరా? అయ్యో, అక్కడా చిన్న వేషమేనా!

ఇటివ్వండి పెన్ను. పేరు రాశాను. చిరునామా రాశాను. పిల్లలెంతమంది అని ఇదొకటి పెట్టారేం మధ్యలో? గీత గీసేస్తున్నా.

'ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. సాయిశ్రీనివాస్ నా కొడుకు కాడు.' చాలా?

ఆ పటం కాస్త అటు తిప్పుతారా జగదీశ్ గారూ? వద్దులెండి, ఉండనివ్వండి. ఆ రోజు ఆయన ముందు అబద్ధమాడాననే నాలుగేళ్లుగా చెంపలేసుకుంటున్నాను. ఇవాళ ఇది రాస్తుంటే మళ్లీ చెంపలేసుకోబుద్ధవుతోంది. రెంటిలో ఏది అబద్ధమో ఆయనకే తెలియాలి.

సంతకం ఇక్కడేనా? ఇదిగో. అయిపోయింది.

ఒక్క మాట. ఇవాళ శుక్రవారం కదండీ? రేపు దీపం పెట్టాక ఫోన్ చెయ్యొచ్చా, కూడదా? మీ రిజిస్టర్లో దానికేమీ గడి లేదా?

కాదులెండి, ఊరికే అడిగాను.