నల్ల ఇసక డబ్బా

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. అక్కడి ఖైతాన్ పేటలోని ఒక గదిలో, కడప నుంచి వచ్చిన భార్యాభర్తలు మర్నాడు జోర్డాన్ వెళ్ళే బస్సు ఎక్కడానికి సామాను సర్దుకుంటున్నారు.

“నా నల్ల ఇసక డబ్బా ఏదే? మిగిలిందంతా ఈ పొద్దే కడిగేసి పారబోస్తా.”

“దాని జోలికి పోగాకు. అది మనతోనే వస్తాది.”

“శుక్రవారం జుమ్మా సెలవొచ్చి పళ్ళెం ముందరేసుకుంటే చాలు, పెన్నేటి ఇసకను ఇమానమెక్కిచ్చిన పిచ్చోడా అని తిడ్తివే!”

“తిట్నా. ఇన్నేండ్లు కడిగి ఏం తీసినావు? సూదంటురాయితో నల్లదంతా లాగేస్తే, అడుగున గసగసాల గింజంత మెరుస్తాది. దాన్నే పక్క రూముల వాళ్ళందర్నీ పిల్చి చూపిస్తావు.”

“గింజంతైనా అది బంగారమే గదా!”

“చెక్‌పోస్టుల కాడ మిలిటరీ వాళ్ళు ఒంటి మీద బంగారం కనపడితే పెరుక్కుంటాండారంట.”

“మనకాడ ఏముందిలే... అవునే, నీ కమ్మలేవి? చెవులు బోడిగా ఉండాయి.”

“మెల్లిగా మాట్లాడు. ఇసక డబ్బాలో ఏసినా. తాళిబొట్టు గూడా దాంట్లోనే. మెడలో పసుపుకొమ్ము కట్టుకున్నా.”

“ఇసకలోనా!”

“ఆ మట్టిని ఎవుడు కెలుకుతాడు, నువ్వు తప్ప?”

అతను పగలబడి నవ్వాడు.

“నవ్వింది చాల్లే. ఊరు చేరినాక పళ్ళెం నేనే తెచ్చిస్తా, కూచోని కడుగు. ఈసారి గానీ గింజంతే దొరికిందంటే ఒప్పుకోను!”