అడుగున సిలువ

ఆ ఆదివారం పొద్దున గ్రీనిచ్ రాజభవనం వెనుక ఇంట్లో ముగ్గురే ఉన్నారు: రాణిగారి చర్చికి ప్రార్థన రొట్టెలు చేసే అక్క, పాత కాథలిక్ మతం వదలని ఆమె తమ్ముడు, గుమ్మంలో అతని కోసం కాచుకున్న భటుడు. గంట మోగేసరికి తమ్ముడు చర్చికి వెళ్ళి, రాణిగారి కొత్త మతం ఒప్పుకున్నట్టుగా రొట్టె తీసుకోవాలి. లేదంటే చెరసాలకు పోవాలి. అక్క తమ్ముడున్న మేడ మీదికి వచ్చి, రొట్టె ఉన్న అరచెయ్యి చాపింది.

“చూడరా, గుండ్రంగా, పల్చగా, మన పాత రొట్టెలాగే ఉంది.”

“మరి సిలువ గుర్తేదక్కా?”

“రాణిగారు వద్దన్నారుగా. ఆకారం మీ కోసం, నున్నటి ముఖం కొత్త మతం వాళ్ళ కోసం.”

“పాము చావదు, కర్ర విరగదు. బాగుంది!”

“మెల్లగా! కింద వాడు వింటాడు. తిప్పి చూడు.”

“అడుగున సిలువ వేశావా?”

“పాదిరిగారు ఒప్పుకున్నారు. ఇది నీ నోట్లోనే పెడతారు. ఎవరికీ తెలీదు.”

“దేవుణ్ణి దొంగసరుకులా మింగమంటావా?”

“పక్కింటి నేతగాణ్ణి మీ మతం వాళ్ళు కాల్చినప్పుడు నువ్వు చిన్నాడివి. ఆ వాసన నాకింకా పోలేదు. ఈ రాణిగారొచ్చాక ఒక్కణ్ణీ కాల్చలేదురా. దానికోసం ఈ మాత్రం సర్దుకోలేవూ?”

“ఆ నేతగాడు మా మతానికి ఒక్కసారి ‘సరే’ అనుంటే బతికేవాడుగా. అన్నాడా?”

“అనలేదు.”

గంట మోగింది. కింది నుంచి భటుడు కేకేశాడు.

“చర్చికా, చెరసాలకా, దొరా?”

“చెరసాలకే.”

తమ్ముడు రొట్టెను ఆమె గుప్పిట్లోనే ఉంచి మెట్లు దిగాడు. ఆమె వెనకాలే పరుగెత్తింది.

“నువ్వు రావద్దక్కా,” అంటూ అతను వీధి తలుపు ఆమె ముఖం మీదే మూసేశాడు.